పడమటి గోడకు చెక్క తాపడం: పదిహేను నెలల తర్వాత

నల్లగొండలోని మా ఇంటి హాలులో పడమటి గోడకు టేకు వెనీర్‌తో, అంటే ప్లైవుడ్ మీద ఒత్తిన పలుచని టేకు పొరతో, చెక్క తాపడం చేయించి పదిహేను నెలలు పూర్తయ్యాయి. పాలిష్ ఆరిన మర్నాడు ఏ తాపడమైనా బాగానే కనిపిస్తుంది కాబట్టి, రెండు ఎండాకాలాలూ ఒక వానాకాలమూ గడిచాకే దీని గురించి రాయాలని అప్పుడే అనుకున్నాను. మా ఊరి మే నెల ఎండకు పడమటి గోడ సాయంత్రం ఆరు గంటలకు కూడా చేయి ఆనించలేనంతగా కాలుతుంది. ఆ వేడికి అతుకులు విచ్చుకోకుండా, ఆ తర్వాత పట్టే ముసురుకు చెక్క ఉబ్బకుండా నిలిచిందంటేనే పని బాగున్నట్టు. సరుకు అమ్మిన దుకాణం గురించి, పని చేసిన వడ్రంగి గురించి, పాలిష్ గురించి, పక్క నడవాలో వేయించిన పీవీసీ లూవర్ల (నిలువు గాడులున్న ప్లాస్టిక్ పలకల) గురించి నాకున్న అభిప్రాయాలు ఒకేలా లేవు. దుకాణం పేరు మాత్రం రాయడం లేదు. నాకు జరిగిన పొరపాటు ఆ ఒక్క చోటే జరిగేది కాదని తర్వాత నలుగురిని విచారిస్తే తెలిసింది.

ఈ పనికి ముందు మేము ఒకసారి చేతులు కాల్చుకున్నాం. నాలుగేళ్ల క్రితం, స్నానాల గదికి ఆనుకొని ఉన్న నడవా గోడకు ఒక కాంట్రాక్టరు ఎండీఎఫ్ పలకలను నేరుగా జిగురుతో అతికించి, మూడు రోజుల్లో పని ముగించి వెళ్లాడు. చూడటానికి ముచ్చటగానే ఉండేది. తొలి వానాకాలం దాటకముందే అడుగుభాగం ఉబ్బింది. వేలితో నొక్కితే చాయలో ముంచిన బిస్కెట్టులాగా చితికిపోయేది. ఎండీఎఫ్ అంటే చెక్కను సన్నని పీచుగా చేసి, రెసిన్ కలిపి, వేడి మీద ఒత్తిన పలక. ఒకసారి నీరు తాగి ఉబ్బితే, ఆరిన తర్వాత కూడా అది మునుపటి మందానికి రాదు. కాంట్రాక్టరును పిలిచి అడిగితే, "గోడల చెమ్మ ఉంటే నేనేం జెయ్యాలె సార్" అన్నాడు. చెమ్మ ఉందో లేదో చూసుకోకుండా అతికించింది ఆయనే అయినా, ఆ గోడ అవతల నల్లా గొట్టం ఉన్న సంగతి ఆయనకు చెప్పకుండా రంగు మాత్రమే ఎంచుకున్న తప్పు మాది.

అందుకే ఈసారి దుకాణానికి వెళ్లే ముందే వడ్రంగిని పిలిపించాం. దేవరకొండ వైపు పల్లె నుంచి వచ్చి నల్లగొండలో స్థిరపడిన, అరవైకి దగ్గరపడిన మనిషి. వచ్చాక చాలాసేపు ఆయన చెక్క ఊసే ఎత్తలేదు. వేలి కణుపుతో గోడను కింది నుంచి అందినంత ఎత్తు వరకు తట్టుకుంటూ పోయి, గిలాబు (ప్లాస్టరింగు) గుల్లగా మోగిన చోట్ల సుద్దముక్కతో సున్నాలు చుట్టాడు. తర్వాత రెండడుగుల పాలిథిన్ కాగితాలను మూడు చోట్ల పరిచి, నాలుగు అంచులా గాలి దూరకుండా టేపు వేసి, "రెండు దినాలు వీటిని ముట్టకుండ్రి సారూ" అని చెప్పి వెళ్లిపోయాడు. కాగితం లోపలివైపు తేమ కమ్మితే గోడలో చెమ్మ ఉన్నట్టు లెక్క. మూడింటిలో రెండు పొడిగానే ఉన్నాయి. నేలకు దగ్గరగా, ఎడమ మూలన పెట్టినదానికి మాత్రం లోపల సన్నగా చెమట పట్టింది. బయటికి వెళ్లి చూస్తే, డాబా మీది ట్యాంకు నిండి పొర్లే నీటి గొట్టం సరిగ్గా ఆ మూలనే దిగుతోంది, దాని వంపు దగ్గర పగులు ఉంది. రోజూ ఉదయం మోటారు వేసినప్పుడల్లా ఆ మూల తడుస్తోందన్నమాట. గొట్టం మార్పించి, గుల్లబారిన గిలాబు గీకించి, కొత్త గిలాబు వేయించి, అయిదు వారాలు ఆరనిచ్చిన తర్వాత ఆయన మళ్లీ కాగితం అతికించి చూశాడు. అది పొడిగా తేలాకే కొలత టేపు బయటికి తీశాడు. ఈ ఒక్క పనికే ఆయనకు పూర్తి మార్కులు వేస్తాను.

ఏ చెక్క వేయాలన్న దగ్గర ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. ఊళ్లో పాత మిద్దె విప్పినప్పుడు దాచిన టేకు దూలాలు మా కొట్టంలో ఉన్నాయి. వాటిని కోయించి నిండు చెక్క పలకలే వేయించాలని మా నాన్న పట్టుబట్టారు. కోరిక మంచిదే కానీ, నిండు చెక్క గాలిలోని తేమను బట్టి నారకు అడ్డంగా సాగుతుంది, ముడుచుకుంటుంది. పొడవునా మాత్రం దాదాపు మారదు. టేకులో ఈ కదలిక చాలా చెక్కలకన్నా తక్కువే అయినా, ఆరంగుళాల పలక ముసురుకూ వడగాడ్పుకూ మధ్య ఒక మిల్లీమీటరు దాకా తేడా చూపగలదు. పద్నాలుగడుగుల గోడకు అలాంటి పలకలు ఇరవై ఎనిమిది కావాలి. ప్రతి అతుకులోనూ పలకకు కదిలే చోటు వదిలి, గాడి చెక్కి, నాలుక దూర్చి కూర్చాలి. దానికి తోడు, పాత దూలాల్లో ఎక్కడెక్కడ మేకులు దిగి ఉన్నాయో తెలియదు కాబట్టి, రంపం పళ్లు విరిగితే ఖర్చు మీదేనని కోత మిల్లువాళ్లు ముందే తేల్చి చెప్పారు. చివరికి ఆ దూలాలతో దేవుడి గది దర్వాజ, తలుపులు చేయించాం. నాన్న కూడా శాంతించారు.

మా మేనల్లుడు చార్‌కోల్ ప్యానెళ్లు వేయించమన్నాడు. పేరులో బొగ్గు ఉన్నా, వాటిలో చాలామటుకు పాలీస్టైరీన్ ప్లాస్టిక్కే ప్రధాన పదార్థం. తేలికగా ఉంటాయి, త్వరగా పని అవుతుంది, చెద పట్టదు. అయితే ఎండకు కాలే గోడకు ప్లాస్టిక్ వేయడానికి నాకు మనసొప్పలేదు. మిల్లీమీటరు మందం మైకా (లామినేట్ షీటు) వేస్తే అంత త్వరగా గీతలు పడవు, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. వంటింటి అలమరలకు దానికి సాటి లేదు, కానీ హాలులో పెద్ద గోడ మీద దాని మెరుపు నాకు దుకాణం కౌంటరును గుర్తుచేస్తుంది. ఇది అభిరుచికి సంబంధించిన మాట తప్ప లోపం కాదు. చివరికి వెనీర్ దగ్గర ఆగాం. అసలైన టేకు దుంగ నుంచి సుమారు అర మిల్లీమీటరు మందంలో తీసిన పొరను పలుచని ప్లైవుడ్ మీద ఒత్తి, నాలుగు మిల్లీమీటర్ల షీటుగా అమ్ముతారు. పైకి కనిపించేది నిజమైన చెక్కే. వెనకనున్న ప్లైవుడ్ పొరలు ఒకదానికొకటి అడ్డంగా పేర్చి ఉండటం వల్ల నిండు చెక్కలాగా కదలదు. కానీ ఒక సంగతి గుర్తుంచుకోవాలి: టేకుకు చెద త్వరగా పట్టదన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే టేకు ఉన్నది ఆ అర మిల్లీమీటరులోనే, వెనకనున్నదంతా వేరే చెక్క.

ఇక దుకాణం సంగతి. గడియారం సెంటరు చుట్టుపక్కల రెండు మూడు చోట్ల చూసి, ఒకసారి నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాదు వెళ్లి అక్కడి పెద్ద షోరూములోనూ చూసి వచ్చాక, ఊళ్లోని దుకాణంలోనే కొన్నాం. హైదరాబాదులో రకాలు ఎక్కువ, మర్యాదలూ ఎక్కువ, కానీ అక్కడి పసుపుపచ్చని దీపాల కింద ప్రతి చెక్కా బంగారంలాగే ఉంది. షీటును ఎండలోకి తెచ్చి చూస్తామంటే వాళ్లు ఇష్టపడలేదు. మా ఊరి దుకాణంలో ఇద్దరు కుర్రవాళ్లు అడగగానే షీట్లను బయటికి మోసుకొచ్చి, గోడకు ఆనించి నిలబెట్టారు. వెలుతురులో చూడగానే, లోపల ఒకేలా కనిపించిన రెండు షీట్లలో ఒకటి ఎరుపు తిరిగి ఉందని, ఇంకొకటి పసుపుపచ్చగా ఉందని తెలిసిపోయింది. టేకు వెనీర్‌లో దుంగను కోసే తీరును బట్టి రెండు ముఖ్యమైన పోలికలు ఉంటాయి: కొండ శిఖరాల్లాగా ఒకదానిలో ఒకటి ఒదిగిన గీతలు ఉన్నది ఒకటి, దువ్వెనతో దువ్వినట్టు నిలువు గీతలు ఉన్నది ఇంకొకటి. చిన్న గోడకు మొదటిది అందం. పెద్ద గోడ మీద అది చూపును లాగుతూనే ఉంటుంది కాబట్టి నిలువు గీతలది తీసుకున్నాం.

వెనీర్ షీటు అడుగున విడిగా వేసే ప్లైవుడ్ విషయంలోనూ ఆ దుకాణం నిజాయితీగానే వ్యవహరించింది. ప్లైవుడ్‌లో మామూలుగా కమర్షియల్ అని పిలిచే ఎంఆర్ రకం కేవలం గాలిలోని తేమను తట్టుకుంటుంది. బీడబ్ల్యూఆర్ రకం మరిగే నీటిని కూడా కొంతవరకు తట్టుకుంటుంది. రెండూ ఐఎస్ 303 అనే భారతీయ ప్రమాణం కిందే వస్తాయి. మెరైన్ రకానికి ఐఎస్ 710 అని వేరే ప్రమాణం ఉంది. షీటు మీద ఐఎస్‌ఐ గుర్తుతో పాటు ఆ అంకె, రకం రెండూ అచ్చువేసి ఉన్నాయో లేదో చూసుకోవాలి. అంచు వైపు చూస్తే పొరల మధ్య జిగురు గీత ఎంఆర్ రకంలో పాలిపోయి ఉంటుంది, ఫినాల్ రెసిన్ వాడిన బీడబ్ల్యూఆర్‌లో ముదురు గోధుమ రంగులో ఉంటుంది. అయితే రంగు కలిపిన జిగురు వాడి మోసం చేసేవాళ్లూ ఉన్నారు కాబట్టి నేను రెండింటి ముక్కలూ అడిగి ఇంటికి తెచ్చాను. పాత అల్యూమినియం గిన్నెలో నీళ్లు పోసి, రెండు ముక్కలనూ నాలుగు గంటలు మరిగించాను. "ఇయాళ ఏం కూర నాయనా?" అని మా అమ్మ రెండుసార్లు వచ్చి అడిగి పోయింది. చల్లారాక తీసి చూస్తే కమర్షియల్ ముక్క ఉల్లిపాయ పొరల్లాగా విడిపోయింది, రెండోది బరువెక్కినా పొరలు మాత్రం కదలలేదు. ఇది ప్రయోగశాల పరీక్షకు సాటి కాదు కానీ, 62 రూపాయలకు చదరపు అడుగు చొప్పున కొనే ముందు మనశ్శాంతికి సరిపోయింది.

దుకాణం తప్పిందల్లా లెక్కలో. గోడ వెడల్పు పద్నాలుగడుగులు, ఎత్తు పదడుగులు. మొత్తం 140 చదరపు అడుగులు. ఒక షీటు ఎనిమిది అడుగులకు నాలుగు, అంటే 32 చదరపు అడుగులు. కౌంటరు దగ్గరి మనిషి క్యాలిక్యులేటరు మీద 140ని 32తో భాగించి, నాలుగు పైచిలుకు వచ్చింది కాబట్టి అయిదు షీట్లు చాలు, ఇంకా కొంచెం మిగులుతుంది అన్నాడు. నేనూ తలూపాను. వడ్రంగి ఆ రోజు వేరే పని మీద మిర్యాలగూడ వెళ్లాడు, ఆయన వచ్చేదాకా ఆగకుండా నేనే డబ్బు కట్టేశాను. మర్నాడు ఆయన నేల మీద పరిచిన షీట్లను ఎంచి, కొలత టేపును మళ్లీ జేబులో పెట్టుకొని, "సారూ, దీనికి అడుగులు లెక్కబెట్టొద్దు, ముక్కలు లెక్కబెట్టాలె" అన్నాడు.

ఆయన మాట నేల మీద గీసి చూపిస్తే గాని నాకు అర్థం కాలేదు. మన ఇళ్లలో స్లాబు పదడుగుల ఎత్తున ఉంటుంది, షీటు పొడవు ఎనిమిది అడుగులే. కాబట్టి ఎక్కడో ఒకచోట అడ్డంగా అతుకు పడక తప్పదు. ఎనిమిది అడుగుల దగ్గర అతుకు వేస్తే అది గోడ మధ్య వేలాడుతున్నట్టు కనిపిస్తుంది; అదే తలుపుల పైకమ్మి ఉండే ఏడడుగుల దగ్గర వేస్తే, పక్క గోడల్లోని దర్వాజల గీతతో కలిసిపోయి కావాలని పెట్టినట్టే ఉంటుంది. అడ్డంగా కూడా నాలుగడుగుల షీట్లు మూడు వేసి, చివర రెండడుగుల పీలిక మిగిల్చితే అందంగా ఉండదు. పద్నాలుగడుగులను మూడున్నర చొప్పున నాలుగు సమాన భాగాలు చేయాలి. అప్పుడు కింది వరుసకు నాలుగు షీట్లు పూర్తిగా అయిపోతాయి. పై వరుసలో మూడడుగుల ఎత్తు ముక్కలు నాలుగు కావాలి, చెక్క గీతలు నిలువుగానే ఉండాలి కాబట్టి ఒక షీటు నుంచి రెండే ముక్కలు వస్తాయి. మొత్తం ఆరు షీట్లు. చదరపు అడుగుల లెక్కకు ఇదేమీ పట్టదు.

ప్లైవుడ్ ఆరో షీటు తెచ్చుకోవడం కష్టం కాలేదు. అది కనిపించేది కాదు. చిక్కంతా వెనీర్‌తోనే వచ్చింది. ఒకే దుంగ నుంచి వరుసగా తీసిన పొరలను ఒకే కట్టగా ఉంచి, షీటు వెనక కట్ట అంకె, వరుస అంకె వేస్తారు. మా అయిదు షీట్లూ ఒకే కట్టవి, వరుస అంకెలవి. అందుకే పక్కపక్కన పెడితే గీతలు ఒకదాని నుంచి ఒకటి పాకినట్టు ఉండేవి. వారం తర్వాత తెప్పించిన ఆరో షీటు వేరే కట్టది. ఎండలో పెట్టి చూస్తే మన ఇంట్లో పిల్లాడి పక్కన చుట్టాలబ్బాయి నిలబడ్డట్టుంది: పోలిక ఉంది, కానీ అన్నదమ్ములు కాదు. దుకాణం యజమానితో మాట్లాడితే, పాత కట్ట అయిపోయిందని, సహజమైన చెక్కకు ఈ తేడా మామూలేనని అన్నాడు. రెండూ నిజమే. కానీ వెనీర్ అమ్మేటప్పుడు గోడ గీత గీయించుకొని, ముక్కలు ఎంచి, కట్ట విడిపోకముందే ఒక షీటు అదనంగా తీసుకోమని చెప్పడం అమ్మేవాడి బాధ్యత. ఆ మాట మాకు ఎవరూ చెప్పలేదు. చివరికి మేము వాడకుండా మిగిలిన పాత కట్ట షీటును వెనక్కి తీసుకోవడానికి కూడా ఒప్పుకోలేదు. ట్రాలీ ఆటో కిరాయి మాత్రం వాళ్లే పెట్టుకున్నారు. యంత్రం మీద రంగు, గీతలు కూర్చి తయారుచేసే రీకాన్ వెనీర్ అయితే ఇంత తేడా రాదు. అందరికీ సహజమైన చెక్కే కావాలన్న పట్టుదల ఉండదు కాబట్టి, కొనేవాళ్లు ఆ దారి కూడా ఆలోచించవచ్చు.

పరిష్కారం వడ్రంగే చెప్పాడు. పై వరుస నాలుగు ముక్కల్లో రెండు పాత కట్టవి, రెండు కొత్త కట్టవి అయితే తప్పులాగా కనిపిస్తుంది. నాలుగూ కొత్త కట్టవే అయితే కావాలని చేసినట్టు ఉంటుంది. కాబట్టి కొత్త కట్ట నుంచే ఏడో షీటు కూడా తెప్పించాం. ఖర్చు పెరిగింది కానీ గోడ నిలబడింది. వచ్చిన చుట్టాల్లో ఇద్దరు ముగ్గురు, పైన పట్టీ వేరే రంగు ఎంచుకోవడం బాగుందని మెచ్చుకున్నారు. మేము నవ్వి ఊరుకున్నాం.

బిగింపు విషయానికి వస్తే, ఆ పని చూడటానికి నేను రెండు రోజులు సెలవు పెట్టాను. ముందుగా గోడకు రసమట్టం, తూకం గుండు పెట్టి చూస్తే మధ్యలో ముప్పావు అంగుళం బొడ్డు ఉంది. గోడకు నేరుగా అతికించి ఉంటే ఆ బొడ్డు చెక్క మీద కూడా కనిపించేదే. రెండడుగులకు ఒకటి చొప్పున నిలువు రీపర్లు (సన్నని చెక్క బద్దలు), అడ్డ రీపర్లు బిగించి, బొడ్డు ఉన్న చోట రీపరు వెనక చిత్రిక పట్టి, పల్లం ఉన్న చోట సన్నని ప్లై ముక్కలు పెట్టి, నూలు దారం లాగితే ఎక్కడా తాకకుండా, ఎక్కడా ఎడం లేకుండా చేయడానికే ఒకటిన్నర రోజు పట్టింది. రీపర్లకు చెద మందు రెండు పూతలు వేశారు. అంతకు ముందే గోడ, నేల కలిసే చోట అడుగుకొక రంధ్రం చేసి మందు పోయించాం. అడ్డ రీపర్లను గోడ చివరిదాకా తీసుకుపోకుండా మధ్యమధ్య రెండంగుళాల ఖాళీ వదలమని ఆయనే కుర్రవాడికి చెప్పాడు. వెనక గాలి కింది నుంచి పైకి ఆడాలట. చెక్క నేలను తాకకుండా టైలు స్కర్టింగు పైనే ఆపడం వల్ల, ఇల్లు తుడిచే తడి దాని జోలికి పోవడం లేదు.

వెనీర్‌ను గోడ మీద నిలువుగా అతికించడం చాలామంది చేసే పని. జిగురు జారి, లోపల గాలి బుడగ నిలిచి, తర్వాత అక్కడ తట్టితే డబడబ మోగుతుంది. మా వడ్రంగి తొమ్మిది మిల్లీమీటర్ల ప్లైని నేల మీద పరిచి, దానిపై వెనీర్ అతికించి, గ్రానైటు ముక్కలు, ఇటుకలు పేర్చి రాత్రంతా అలాగే వదిలాడు. వెనకవైపు కూడా ఒక పూత సీలరు కొట్టాడు, లేకపోతే పలక ఒక పక్కకు విల్లులా వంగుతుందన్నాడు. పలకకూ పలకకూ మధ్య ఆరు మిల్లీమీటర్ల గాడి వదిలి, లోపల కనిపించే రీపరుకు ముందే ముదురు గోధుమ రంగు వేశాడు. ఈ గాడి అందానికి మాత్రమే కాదు. పలకలు కాలాన్ని బట్టి కదిలేందుకు చోటు కూడా. టీవీ వచ్చే చోట వెనక పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైని గోడకు నేరుగా బోల్టు చేశాడు. స్విచ్చు పెట్టెల విషయంలో మాత్రం ఒకటి మరచిపోయాడు: చెక్క ముందుకు వచ్చినంత మేర పెట్టెను కూడా ముందుకు తేవాలి, ఒక చోట తేలేదు, ఆ స్విచ్చు పలక ఇప్పటికీ కొంచెం ఊగుతుంది. అడిగితే వస్తానంటాడు, రాడు. అంత మంచి పనివాడికి అదొక్కటే మచ్చ.

పాలిష్‌కు వేరే మనుషులు వచ్చారు. మెలమైన్ పాలిష్ చవక, కానీ కాలం గడిచేకొద్దీ పసుపుపచ్చగా మారుతుందని పీయూ (పాలీయురెథేన్) పాలిష్, అదీ మెరుపు లేని మ్యాట్ రకం వేయించాం. పని బాగానే ఉంది; అయితే నాలుగు రోజులు ఇంట్లో కళ్లు మండాయి, అమ్మను చెల్లెలింటికి పంపవలసి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే ముందే ఆ ఏర్పాటు చేసుకోవడం మంచిది.

ఇప్పటి స్థితి ఇది. రెండో మే నెల చివర గాడులను కొలిచి చూస్తే వెడల్పులో కంటికి తెలిసే తేడా ఏమీ లేదు. ఎక్కడా బుడగ లేదు. సాయంత్రం పూట గోడను తాకితే మునుపటిలా కాలడం లేదు, కానీ గది చల్లబడిందని చెప్పలేను. ఫ్యాను గాలి ఎప్పటిలాగే వేడిగా ఉంది. గాడి వెనక బల్లులు కాపురం పెడతాయేమోనని భయపడ్డాం, కింది ఖాళీకి సన్నని జాలీ కొట్టడంతో ఆ బాధ లేదు. ఊహించని మార్పు ఒకటి మాత్రం జరిగింది. గోడ గడియారం సెల్లు మార్చడానికి తీస్తే, దాని వెనక గుండ్రంగా వేరే రంగు మచ్చ కనిపించింది. టేకు వెలుతురు తగిలేకొద్దీ రంగు మారి స్థిరపడుతుంది, గడియారం కింద ఆ వెలుతురు పడలేదు. మొదటి ఏడాది వెనీర్ గోడ మీద ఏమీ తగిలించకపోవడం మేలు.

నడవాలో పాత ఎండీఎఫ్ పీకించి, నల్లా గొట్టం బాగుచేయించి, పీవీసీ లూవర్లు వేయించాం. చెమ్మకు భయం లేదన్నది నిజం, ఒక్కరోజులో పని అయ్యింది. అయితే తొమ్మిదిన్నర అడుగుల పీవీసీ ముక్క పాతిక డిగ్రీల తేడాకు నాలుగైదు మిల్లీమీటర్లు సాగుతుంది. వేసినవాళ్లు చలికాలంలో పైనా కిందా బిగుతుగా కోసి దిగగొట్టడంతో, ఏప్రిల్ వచ్చేసరికి రెండు ముక్కలు మధ్యలో విల్లులా ముందుకు వచ్చాయి. పైన అర అంగుళం కోసి, బీడింగుతో కప్పాక సర్దుకున్నాయి. కోసిన అంచుల దగ్గర చెక్క బొమ్మ ఉన్న పొర అప్పుడే లేస్తోంది. తడి గోడకు ఇంతకన్నా దారి లేదు కాబట్టి సరిపెట్టుకున్నాం, హాలుకు మాత్రం ఎవరికీ చెప్పను.

హాలు గోడకు అయిన ఖర్చు: వెనీర్ ఏడు షీట్లు చదరపు అడుగు 85 రూపాయల చొప్పున 19,040, ప్లై ఆరు షీట్లకు 11,904, రీపర్లకు 3,500, జిగురు, స్క్రూలు, మందులకు 3,056, వడ్రంగి కూలి 15,400, పాలిష్ 12,600. మొత్తం 65,500 రూపాయలు, అంటే చదరపు అడుగుకు 470కి కొంచెం తక్కువ. గిలాబు, గొట్టం ఖర్చు ఇందులో కలపలేదు. ఏడో షీటు, అంటే 2,720 రూపాయలు, నా తొందరపాటుకు కట్టిన జరిమానా.

ఆ దుకాణానికి మళ్లీ వెళతాను. సరుకు మంచిది, వెలుతురులో చూడనిస్తారు. కానీ ముక్కల లెక్క ఇంట్లో గీసుకొని, వడ్రంగిని వెంటబెట్టుకొని వెళతాను. వాడకుండా మిగిలిన పాత కట్ట షీటు సజ్జ మీద పాత దుప్పటి చుట్టి పెట్టి ఉంది. కింది వరుసలో ఎప్పుడైనా దెబ్బ తగిలితే దానికి జత ఇక అదొక్కటే.